నుమాన్సియా: భూమిని చుట్టొచ్చిన మొదటి ఇనప కవచపు ఓడ నిజంగా స్పెయిన్‌దేనా? నా బిర్యానీ పోయింది

క్విజ్‌పిచ్చి_72
నిన్న ఆఫీసు క్విజ్‌లో ఒక ప్రశ్న వచ్చింది. భూమి చుట్టూ తిరిగొచ్చిన మొదటి ఇనప కవచపు యుద్ధనౌక ఏ దేశానిది? నేను ఆలోచించకుండా బ్రిటన్ అని కొట్టేశా. తప్పట. స్పెయిన్ అట, ఓడ పేరు నుమాన్సియా అట. ఒక్క మార్కు తేడాతో రెండో స్థానానికి దిగాం, మొదటి టీముకి ఇచ్చిన బిర్యానీ కూపన్లు కళ్ల ముందే వెళ్లిపోయాయి. టీమ్ లీడర్ ఇవాళ కూడా నాతో సరిగ్గా మాట్లాడలేదు.
నా డౌటేంటంటే, 1860ల నాటికి స్పెయిన్ పాత జమీందారీ ఇల్లు లాంటిది కదా. పేరు మిగిలింది, పొలాలు పోయాయి. అలాంటి దేశం బ్రిటన్ కంటే ముందు ఈ పని చేసిందంటే నమ్మకం కుదరట్లేదు. చేసినా అది నిజంగా యుద్ధం చూసిన ఓడేనా, లేక రంగులేసి ఊరేగించారా? తెలిసినవాళ్లు చెప్పండి.

రేవుకాకి
స్పెయినే కరెక్ట్. మార్కు పోవాల్సిందే.

పాతమ్యాపులు
క్విజ్ మాస్టర్ తప్పేం లేదు. 1865 ఫిబ్రవరి 4న కాడిజ్ రేవు నుంచి బయల్దేరింది. మెగెల్లాన్ జలసంధి దాటి మే 5న పెరూలోని కాయావ్ చేరింది. ఏడాది పాటు ఆ తీరంలోనే, అందులో యుద్ధం కూడా, ఆ తర్వాత పసిఫిక్ అడ్డంగా తాహితీ, మనీలా, బటావియా (ఇప్పటి జకార్తా), గుడ్‌హోప్ అగ్రం, చివరికి 1867 సెప్టెంబర్ 20న మళ్లీ కాడిజ్. రెండేళ్ల ఏడున్నర నెలలు. ఇక ఊరేగింపు అన్నారు చూడండి, ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోండి. మధ్యలో దాని ఒంటికి 52 ఫిరంగి గుళ్లు తగిలాయి.

క్విజ్‌పిచ్చి_72
ఊరేగింపు వెనక్కి తీసుకున్నా. బిర్యానీ బాధ మాత్రం తీసుకోను.

గోదారిగట్టు
ఒక అడ్డం పుల్ల. స్పెయిన్ ఓడ అంటున్నారు గానీ కట్టింది ఫ్రాన్సులో. తూలోన్ దగ్గర లా సేన్ షిప్‌యార్డు. 1863 నవంబర్‌లో నీళ్లలోకి దించారు, మరుసటి ఏడాది చివరికి సిద్ధమైంది. అంటే స్పెయిన్‌ది డబ్బు, పనితనం ఫ్రెంచివాళ్లది. క్విజ్‌లో దీనికి అర మార్కు అడగొచ్చేమో చూడండి.

రేవుకాకి
ఎక్కడో తయారైన బైకు మీద మనం లడఖ్ వెళ్లొస్తే ఆ క్రెడిట్ కంపెనీకి ఇస్తామా గోదారిగట్టు గారూ?

గోదారిగట్టు
బైకు రివ్యూలో ఇస్తాం.

ఇంజిన్‌రూమ్_బాబాయ్
ఇరవై రెండేళ్లు ఓడల మీద ఇంజినీరుగా చేశాను కాబట్టి నా కోణం చెప్తా. ఇక్కడ అసలు మెచ్చుకోవాల్సింది ఫిరంగుల్ని కాదు, ఓడ అడుగుని.
ఓడ దాదాపు 96 మీటర్లు, బరువు 7 వేల టన్నుల పైమాట, 40 ఫిరంగులు, నీటిమట్టం దగ్గర 130 మిల్లీమీటర్ల ఇనప కవచం. పొట్ట మొత్తం ఇనుమే. ఆ రోజుల్లో చెక్క ఓడలకి అడుగున రాగి రేకు కొట్టేవాళ్లు, నాచు పట్టకుండా. ఇనప ఓడకి ఆ పని చేయలేం. ఉప్పునీళ్లలో రాగి పక్కన ఇనుము పెడితే ఇనుము తినేసుకుపోతుంది. అందుకని ఇనప అడుగుకి నాచూ, బార్నకిల్స్ అనే అంటుకునే గుల్లలూ గడ్డంలా పెరిగిపోతాయి. వేడి నీళ్లలో మరీనూ. గోకించాలంటే ఓడని పెట్టి నీళ్లు తోడేసే డ్రై డాక్, అదీ అంత పెద్దది కావాలి. అది దారిలో ఎక్కడుంది?
నేను చూసింది చెప్తా. ఒకసారి మా ట్యాంకర్‌ని రెండు నెలలు ఎండలో లంగరేసి ఉంచారు, సరుకు గొడవ తేలక. కదిలాక చూస్తే ఇంజిన్ అదే, ఆయిల్ అదే, స్పీడు మాత్రం రెండు నాట్లు తక్కువ. కెప్టెన్ నా మీద అరుస్తాడు, నేను గేజులు చూపిస్తా. చివరికి డైవర్లు దిగితే అడుగున గుల్లలు ఇడ్లీ ప్లేటు మీద ఇడ్లీల్లా వరసగా ఉన్నాయి. అది ఈ కాలంలో, ఇంత మంచి పెయింట్లున్నా. 1866లో కాయావ్ నుంచి మనీలా దాకా ఆ గడ్డం ఈడ్చుకుంటూ పోయారంటే నేను దండం పెడతా.

చెరుకుతోట
బాబాయ్ ఇడ్లీల పోలిక వల్ల రేపు టిఫిన్ మానేస్తున్నా.

సందేహాలరావు
ఇనుముతో ఇంత బరువుగా ఉంటే సముద్రంలో మునిగిపోతుందని భయపడలేదా అప్పటివాళ్లు?

పాతమ్యాపులు
భయపడ్డారు, అందులో తప్పూ లేదు. ఇవి ఐరోపా తీరాల దగ్గర కొట్టుకోవడానికే తప్ప మహాసముద్రాలకి పనికిరావని అనుకునేవాళ్లు చాలామంది. 1870లో కెప్టెన్ అనే పేరున్న బ్రిటన్ సరికొత్త ఇనప ఓడ స్పెయిన్ తీరానికి దగ్గర్లోనే గాలివానకి తిరగబడితే 480 మంది దాకా పోయారు. అంటే నుమాన్సియా తిరిగొచ్చిన మూడేళ్లకి. నుమాన్సియాకి పొగగొట్టంతో పాటు తెరచాపలూ ఉన్నాయి. వెళ్లేటప్పుడు బొగ్గు మోసే స్టీమరొకటి తోడొచ్చింది. తిరిగొచ్చాక ఓడకి లాటిన్‌లో ఒక బిరుదు వాక్యం ఇచ్చారు, భూమిని మొదట చుట్టిన కవచధారి అని.

క్విజ్‌పిచ్చి_72
సరే, అక్కడికి ఎందుకు వెళ్లినట్టు? పెరూ, చిలీ అప్పటికే స్వతంత్ర దేశాలు కదా.

రేవుకాకి
రెట్ట కోసం.

క్విజ్‌పిచ్చి_72
??

రేవుకాకి
నిజంగానే. పక్షి రెట్ట.

చెరుకుతోట
ఇది నాకు తెలిసిన సబ్జెక్టు, నేను చెప్తా. పెరూ తీరంలో చించా దీవులు ఉన్నాయి. వాన దాదాపు పడదు, సముద్ర పక్షులు వేల ఏళ్లుగా వేసిన రెట్ట కొండల్లా పేరుకుంది. దాన్నే గ్వానో అంటారు. యూరియా, డీఏపీ బస్తాలు లేని కాలంలో ఐరోపా రైతులకి అదే బంగారం, పెరూ ఖజానాకి పెద్ద దిక్కు అదే. 1863లో తలాంబో అనే ఎస్టేటులో స్పెయిన్ నుంచి వచ్చిన కూలీలకీ అక్కడివాళ్లకీ కొట్లాట జరిగింది. దాన్ని సాకుగా పెట్టుకుని 1864 ఏప్రిల్‌లో స్పెయిన్ నావికాదళం ఆ దీవుల్ని పట్టేసుకుంది. మా తాత గొర్రెల మంద పొలంలో పడుకోబెట్టించడానికి పక్క ఊరివాళ్లతో కర్రల దాకా వెళ్లాడు. అప్పుడు నవ్వుకున్నాం. దేశాలే ఎరువు కోసం ఫిరంగులు తెచ్చుకున్నాయంటే తాతది చిన్న కేసే.

సందేహాలరావు
మీ తాత గెలిచాడా?

చెరుకుతోట
మంద మా పొలంలోనే పడుకుంది.

పాతమ్యాపులు
చెరుకుతోట చెప్పింది కరెక్ట్, ఒక్క సవరణ. నుమాన్సియా వెళ్లేసరికి దీవుల గొడవ కాగితం మీద తీరిపోయింది, 1865 జనవరిలోనే పెరూతో ఒప్పందం అయింది. ఆ తర్వాత స్పెయిన్ అడ్మిరల్ పరేహా చిలీ మీద పడ్డాడు, గొడవ జరుగుతున్నప్పుడు మా ఓడలకి బొగ్గు అమ్మలేదు, మమ్మల్ని అవమానించారు, క్షమాపణ చెప్పండి అని. చిలీ చెప్పలేదు, యుద్ధం ప్రకటించింది. నవంబర్‌లో చిలీ ఓడ ఎస్మెరాల్డా బ్రిటన్ జెండా ఎగరేసుకుని దగ్గరికొచ్చి స్పెయిన్ వాళ్ల కోవడోంగా అనే ఓడని ఎత్తుకుపోయింది. ఆ వార్త వినగానే పరేహా తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. అప్పటిదాకా నుమాన్సియా కెప్టెన్‌గా ఉన్న మెండెస్ నూన్యెస్ మొత్తం దళానికి అధిపతి అయ్యాడు. ఈలోపు పెరూలో ఒప్పందం చేసుకున్న ప్రభుత్వమే కూలిపోయి, కొత్తవాళ్లు చిలీతో చేతులు కలిపారు.

క్విజ్‌పిచ్చి_72
బ్రిటన్ జెండా ఇక్కడా దొంగదేనా. నా జవాబుకి ఈ దారిలోనైనా కొంచెం విలువ ఉందనుకుంటా.

గోదారిగట్టు
ఇప్పుడు అసలు మచ్చ గురించి మాట్లాడుకుందాం, మీరందరూ దాటేస్తున్నారు. 1866 మార్చి 31, వాల్‌పరైసో. కోటలో ఫిరంగుల్లేని వ్యాపార రేవు. ముందే చెప్పి, జనాన్ని ఖాళీ చేయించి, మూడు గంటల పాటు కొట్టారు. కస్టమ్స్ గోదాములు తగలబడ్డాయి, అందులో ఎక్కువ సరుకు విదేశీ వర్తకులదే. పక్కనే బ్రిటన్, అమెరికా యుద్ధనౌకలు ఉండి చూస్తూ ఊరుకున్నాయి. దీన్ని వీరత్వం అంటే నేను ఒప్పుకోను.

రేవుకాకి
ఎవరూ అనలేదు. పైగా వాల్‌పరైసోలో కాల్చింది చెక్క ఓడలు. నుమాన్సియా సిగ్నల్ ఇచ్చి దూరంగా ఉంది.

గోదారిగట్టు
సిగ్నల్ ఇచ్చినవాడికి పాపం అంటదా?

రేవుకాకి
అంటుంది. నేనేం గంగ చల్లట్లేదు, ఎవరు కాల్చారో చెప్పానంతే.

ఇంజిన్‌రూమ్_బాబాయ్
అక్కడ దాకా రావడానికి కారణం కూడా ఓడ సైజే. చిలీ, పెరూ ఓడలు దక్షిణాన చిలోయె దీవుల సందుల్లో దాక్కున్నాయి. మెండెస్ నూన్యెస్ స్వయంగా నుమాన్సియా తీసుకుని వెతుక్కుంటూ వెళ్లాడు. ఇంత లోతు మునిగే ఓడని ఆ ఇరుకు కాలువల్లోకి తిప్పలేక వెనక్కొచ్చాడు. లారీ తీసుకుని సందులో స్కూటర్‌వాడిని తరిమినట్టు. చేతికి శత్రువు చిక్కలేదు, ఉత్తచేతులతో తిరిగొస్తే ఇంట్లో ఊరుకోరు. అందుకే ఊళ్ల మీద పడ్డారని నా అభిప్రాయం.

పాతమ్యాపులు
గోదారిగట్టు కోపం నాకు అర్థమైంది. దానికి జవాబు అన్నట్టే నెల తర్వాత కాయావ్ మీదికి వెళ్లారు, అది మాత్రం కోరల్లేని రేవు కాదు. ఇనప బురుజుల్లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులు, ఒడ్డున పెద్ద పెద్ద బ్లేక్లీ ఫిరంగులు. 1866 మే 2, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. ఓడల్లో ముందు పేల్చింది నుమాన్సియానే. మెండెస్ నూన్యెస్ ఓడ బ్రిడ్జి మీద, అంటే ఆజ్ఞలిచ్చే చోట, నిలబడి ఉండగా గుండు తగిలి ఒళ్లంతా గాయాలయ్యాయి, నిలబడలేకపోయాడు. మేజర్ జనరల్ మిగెల్ లోబో పగ్గాలు పట్టాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. ఒడ్డున మెర్సెద్ బురుజు పేలిపోయి పెరూ యుద్ధమంత్రి హొసే గాల్వెజ్ అక్కడికక్కడే పోయాడు. 52 దెబ్బల్లో ఒకటి కవచంలో దిగబడినా వెనకున్న కలప దిమ్మలు ఆపాయట.

సందేహాలరావు
ఇంతకీ ఎవరు గెలిచారు?

పాతమ్యాపులు
మాడ్రిడ్ నడిబొడ్డున కాయావ్ చౌక్ ఉంది, ఆ యుద్ధం పేరు మీదే. లీమాలో మే రెండు చౌక్ ఉంది, అదీ ఆ యుద్ధం పేరు మీదే, మధ్యలో పెద్ద స్తంభం కూడా. మీకు నచ్చిన టికెట్ కొనుక్కోండి.

చెరుకుతోట
మా ఊళ్లో పంచాయతీ ఎన్నికల తర్వాత కూడా రెండు ఊరేగింపులు తీస్తారు.

మౌనప్రేక్షకుడు
నుమాన్సియా అనే పేరు రోమ్‌ని ఎదిరించిన ఊరిది కదా? క్రీ.పూ. 133లో స్కిపియో ముట్టడిస్తే లొంగడం కంటే చావే మేలని చాలామంది ప్రాణాలు తీసుకున్నారని. మన బొబ్బిలి లాగా.

గోదారిగట్టు
బొబ్బిలి పోలిక భలే కుదిరింది. అలాంటి పేరు పెట్టుకుని ఫిరంగుల్లేని రేవుని కొట్టడానికి వెళ్లడమే నాకు మింగుడు పడనిది.

ఇంజిన్‌రూమ్_బాబాయ్
యుద్ధం వదిలేసి ప్రయాణం దగ్గరికి వద్దాం. కాయావ్ నుంచి తాహితీకి వెళ్లేటప్పుడు స్కర్వీ పట్టుకుంది. 500 మందికి పైగా ఉన్న ఓడ, పైన పోట్లాటలో గాయపడ్డవాళ్లు, తాజా కాయా పండూ లేవు. చిగుళ్లు ఉబ్బి రక్తం కారుతుంది, పాత గాయాలు మళ్లీ విచ్చుకుంటాయి. 130 మిల్లీమీటర్ల కవచం బయటి గుండుని ఆపింది గానీ నిమ్మకాయ లేని లోటుని ఆపలేదు. నేను మొదటిసారి ఓడెక్కేటప్పుడు మా అమ్మ పెట్టిన ఊరగాయ జాడీ చూసి తోటివాళ్లు నవ్వారు. మూడో వారానికి గిన్నెలు పట్టుకుని నా క్యాబిన్ ముందు లైను.

లిస్బన్_లక్ష్మి
ఊరగాయ మాట వినగానే లాగిన్ అయ్యా. ఈ ఓడ ఎక్కడుందో ఎవరూ చెప్పలేదేంటి? మాకు నలభై కిలోమీటర్ల దూరంలో ఉంది, సెసింబ్రా బీచ్ పక్కన నీళ్లలో.

క్విజ్‌పిచ్చి_72
ఏంటీ?! అక్కా, వివరంగా.

పాతమ్యాపులు
లక్ష్మి గారూ, ఆగండాగండి, చావు ముందే చెప్పేస్తే ఎలా. మధ్యలో అసలు మసాలా ఉంది. 1870 డిసెంబర్‌లో ఇటలీ నుంచి కొత్త రాజు అమదేయోని తీసుకొచ్చింది ఈ ఓడే. 30వ తేదీన స్పెయిన్ రేవు కార్తహేనాలో దించింది. అదే రోజు, ఆయన్ని పిలిపించిన ప్రధాని ప్రిమ్ మాడ్రిడ్‌లో చనిపోయాడు, మూడు రోజుల కిందట తగిలిన తూటాలతో. రాజు దిగిన శకునం అలా ఉంది. రెండేళ్లకి విసుగొచ్చి సింహాసనం వదిలేసి వెళ్లిపోయాడు.
తర్వాత గణతంత్రం. 1873 జులైలో కార్తహేనా ఊరు మేము వేరే అని తిరగబడి, రేవులో ఉన్న ఇనప ఓడల్ని పట్టేసుకుంది. నుమాన్సియా తిరుగుబాటుదార్ల పెద్ద ఓడ అయింది. సొంత ప్రభుత్వమే వాటిని సముద్రపు దొంగలుగా ప్రకటించింది. అక్టోబర్ 11న పోర్ట్‌మాన్ దగ్గర ప్రభుత్వ నౌకలతో పోరాటం. అటువైపు అధిపతి ఎవరో ఊహించండి.

రేవుకాకి
లోబో!

పాతమ్యాపులు
ఆయనే. ఏడేళ్ల కింద కాయావ్‌లో ఇదే ఓడ మీద పగ్గాలు పట్టినవాడు, ఇప్పుడు ఇదే ఓడ మీద ఫిరంగులు పేలుస్తున్నాడు. ఇంకా ఉంది. నుమాన్సియాకి తోడుగా తిరుగుబాటు వైపు ఉన్న ఓడల్లో ఒకదాని పేరు మెండెస్ నూన్యెస్. కాయావ్‌లో పోరాడిన పాత చెక్క ఓడకే కవచం తొడిగి, చనిపోయిన ఆ అడ్మిరల్ పేరు పెట్టారు.

గోదారిగట్టు
కురుక్షేత్రంలో కూడా ఇంత చుట్టరికం లేదు.

రేవుకాకి
కొద్ది రోజులకే నుమాన్సియా ఇంకో ఘనకార్యం చేసింది. వలెన్సియా వైపు రాత్రిపూట వెళ్తూ, తన పక్క తిరుగుబాటు ఓడ ఫెర్నాండో ఎల్ కతోలికోని గుద్ది ముంచేసింది. నాకు తెలిసినంతలో ఈ ఓడ జీవితంలో ముంచిన పెద్ద ఓడ అదొక్కటే, అదీ సొంత జట్టుది.

క్విజ్‌పిచ్చి_72
ఈ ప్రశ్న వచ్చే క్విజ్‌లో నేను అడుగుతా. ఎవడు చెప్తాడో చూస్తా.

సందేహాలరావు
తిరుగుబాటు ఏమైంది?

పాతమ్యాపులు
ముట్టడిలో ఊరు ఆర్నెల్లు నిలిచింది. 1874 జనవరి 12న నాయకులూ, వాళ్ల వెంట వందల మందీ నుమాన్సియా ఎక్కి, ప్రభుత్వ ఓడల మధ్య నుంచి దూసుకుని అల్జీరియాలోని ఒరాన్ దగ్గరికి పారిపోయారు. వాళ్లలో ముఖ్యుడు అంతోనెతె గాల్వెజ్. అవును, అదీ గాల్వెజే, ఆ పెరూ మంత్రికి సంబంధం లేదు. ఫ్రెంచివాళ్లు మనుషుల్ని దించుకుని ఓడని స్పెయిన్‌కి తిరిగిచ్చేశారు.

ఇంజిన్‌రూమ్_బాబాయ్
దూసుకుపోగలిగిందంటే కింద బాయిలర్ల దగ్గరున్నవాళ్ల చలవ. ఆ రోజు పార వేసినవాడి పేరు ఎక్కడా ఉండదు.

పాతమ్యాపులు
పార వేసినవాడి పేరు ఒక్కసారి వచ్చింది బాబాయ్, మంచి సందర్భంలో కాదు. 1890ల చివర్లో మళ్లీ తూలోన్‌కి తీసుకెళ్లి తీరరక్షణ ఓడగా మార్చారు. అప్పటికే కాలం చెల్లింది, 1898లో అమెరికాతో జరిగిన యుద్ధంలో దీనికి పని లేకపోయింది. 1911 ఆగస్టులో టాంజియర్ దగ్గర ఓడ మీద కొందరు గణతంత్రం కావాలని తిరగబడ్డారు. గంటల్లో అణిచేశారు. ఒకరికి మరణశిక్ష పడింది. అతను స్టోకర్, బాయిలర్లకి బొగ్గు వేసేవాడు.

ఇంజిన్‌రూమ్_బాబాయ్
ఊహించా.

మౌనప్రేక్షకుడు
రాజుని మోసింది, రాజు వద్దన్నవాళ్లని మోసింది, మళ్లీ రాజు మీద తిరగబడ్డవాళ్లనీ మోసింది. మన ఆర్టీసీ బస్సు.

లిస్బన్_లక్ష్మి
ఇప్పుడు చావు చెప్పొచ్చా? 1912లో సర్వీసు నుంచి తీసేసి, తర్వాత తుక్కు కింద అమ్మేశారు. 1916 డిసెంబర్‌లో పగలగొట్టడానికి బిల్బావ్ వైపు లాక్కెళ్తుంటే వాతావరణం పాడై సెసింబ్రా దగ్గర నేలకి తగిలింది. అక్కడే ఉండిపోయింది. తుక్కువాళ్లకి కూడా పూర్తిగా దక్కలేదు.
పోయిన వేసవిలో వెళ్లాం. నాకు ఈత రాదు, పడవలో కూర్చున్నా. ఒడ్డు నుంచి పిల్లలు ఆడుకునే గొంతులు వినపడేంత దగ్గర. పడవతను ఇంజిన్ ఆపి, స్పెయిన్ ఓడ అని కిందకి వేలు చూపించాడు. నీళ్లు ఆకుపచ్చగా తేటగా ఉన్నాయి, ఒకచోట మాత్రం నల్లగా పెద్ద మచ్చ. మావారు మాస్క్ పెట్టుకుని దిగారు. ఎండాకాలమైనా అట్లాంటిక్ నీళ్లు ఫ్రిజ్‌లా ఉంటాయి, ఐదు నిమిషాల్లో పెదాలు నీలంగా పైకొచ్చారు. ఏం చూశారంటే నాచు కప్పేసిన ఇనప రేకులు, మధ్య సందుల్లోంచి గుంపులుగా చేపలు. రేకు అంచు చెయ్యి పొడవున పట్టుకుంటే మందం తెలుస్తోందట.

ఇంజిన్‌రూమ్_బాబాయ్
చూశారా, చివరికి గెలిచింది నాచూ గుల్లలే. అమ్మా, ఫొటో ఉంటే పెట్టు.

లిస్బన్_లక్ష్మి
ఉంది అంకుల్. చలికి చెయ్యి వణికి నాలుగూ మావారి కాలి ఫొటోలే వచ్చాయి. ఒకదాంట్లో బొటనవేలి వెనక ఏదో గోధుమరంగు అంచు ఉంది. అది ఓడ అని ఆయన, రాయి అని మా అబ్బాయి.

క్విజ్‌పిచ్చి_72
అక్కా, ఆ బొటనవేలి ఫొటో పంపండి. రేపు టీమ్ లీడర్‌కి చూపించాలి.